ముప్పైరెండు సెకన్ల నవ్వు

నా చేతి టీ తాగి ఇంజినీరు పని చేసిన ఫిక్రీకి,

సలాం. బాగున్నావా అని అడగను. ఏడేళ్లలో నువ్వు నన్ను అడిగావా?

ఆనాడు ఓడల రికార్డుల ఆఫీసులో అందరినీ పిలిచి పందెం పెట్టావు. ఫైళ్లలో మాట వెతికే నా పాత గ్రెప్పు ఒకవైపు, నువ్వు కొత్తగా రాసిన ‘బాణం’ ఒకవైపు. వెతకాల్సింది ఒకే ఓడ పేరు. “పెద్దవాడివి మామా, ముందు నువ్వు కానియ్యి” అన్నావు. నాకు నలభై ఒక్క సెకన్లు పట్టింది. తర్వాత నీకు రెండు. “షాబాన్ మామా, నీ గాడిద ఇంకా మన్షియ్యా చౌరస్తా దాటలేదు, ఈలోపు టీ తాగొద్దామా?” అని ఆ రమ్జీగాడు అంటే ఆఫీసంతా నవ్వింది. నువ్వూ నవ్వావు. నేను చూశాను. ఇరవై రెండేళ్లు ఆ మిషన్లకు చాకిరీ చేశాను; నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ గ్రెప్పు కోసం నేర్చుకున్నవే. మర్నాడు నేను ఆఫీసుకి రాలేదు. నువ్వూ పిలవలేదు.

మొన్న చలికాలం అత్తారీన్ బజారులో ఆ పందెం నడిచిన మిషనే కనబడింది, పాతసామాన్లలో. మోసుకొచ్చాను; ఓడల ఫైళ్లూ, నీ బాణమూ అందులో అలాగే ఉన్నాయి. మీ అత్త పోయాక ఇంట్లో చప్పుడు చేసేది అదొక్కటే. గ్రెప్పు కొట్టాను. నలభై ఒకటి. వేరే పనేముంది, మళ్లీ కొట్టాను. ఐదు! మతిపోయింది. అప్పుడర్థమైంది: మొదటిసారి డిస్కంతా తిరిగి చదవాలి, రెండోసారికి అదంతా మిషన్ జ్ఞాపకంలో ఉంటుంది. ఆ రోజు తలుపులన్నీ నేను తీశాను, తీసిన తలుపుల్లోంచి నువ్వు నడిచెళ్లావు.

ఆ జ్ఞాపకం చెరిగిపోయేలా మిషన్ ఆపి, మళ్లీ వేసి, ఈసారి నీ బాణం ముందు కొట్టాను. ముప్పై నాలుగు.

ఇది రాయకూడదనుకున్నాను. ముప్పైయొక్క పొద్దులు చూశాను, ప్రతిసారీ ముప్పై నాలుగే. నీదే ముందు. నిజంగానే ముందు. బాగా రాశావురా. కానీ నేను ఓడింది ఏడు సెకన్ల తేడాతో, మీరు నవ్వింది ముప్పైతొమ్మిది సెకన్ల తేడాకి. మిగిలిన ముప్పైరెండు సెకన్ల నవ్వు నాకు తిరిగివ్వాలి. ఈ లెక్క చెబితే తెలిసే మనిషి ఈ ఊళ్లో నువ్వొక్కడివే.

మిషన్ ఆపేశాను. మనం ఆడుకునే డామినోల పెట్టె దాని మీదే ఉంది. నువ్వొచ్చేదాకా మిషన్ మీద వేలు పెట్టను. ఈసారి ముందు నీ బాణం నువ్వు కొట్టాలి. వస్తావా, రావా? గురువారం పొద్దు వాలేటప్పటి అస్ర్ నమాజు లోపు చెప్పు. ఆ తర్వాత మిషన్ అత్తారీన్‌కే పోతుంది.

షాబాన్ మామ