కండక్టర్ మామయ్య గొంతు

జూలై 2

సెలవుల తర్వాత ఇవాళ టాబ్లెట్లు బయటికి తీశాం. నా రెండో తరగతి గ్యాంగు చెవి పక్కన డప్పు కొట్టినా తెలియనంతగా అందులో మునిగిపోయింది.

తెర మీది చదువు ఆటలో మా ఊరు అలాగే ఉంది. వంతెన, గాలిమర, బొమ్మల కొట్టు. ప్రతి ఒక్కరికీ ఆ ఊళ్లో తన బొమ్మ ఒకటి ఉంటుంది. బస్సెక్కి, స్టాపు బోర్డు మీద రాసింది పైకి చదవాలి. చదివితే బస్సు కదులుతుంది. దిగాక, చదివిన దాన్ని బొమ్మగా గీయాలి, లేదా ఇటుకలు పేర్చి కట్టాలి. పాఠాలన్నీ నేనే రాశాను. ఎవరేమన్నా, చదువు రాని పిల్లలకి చదువు రావడం కళ్లారా చూశాను.

ఆ బస్సు కండక్టర్ మామయ్యకి గొంతిచ్చింది మా ఆయన.

మా ఆయన అని రాశాను, అలవాటు కొద్దీ. తన ఆఫీసులో పనిచేసే ఆవిడతో వెళ్లిపోయి నెల దాటింది.

జూలై 3

హెడ్‌ఫోన్లు దాదాపు అన్నీ పాడయ్యాయి. గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. “భలే చదివావు, పద పద” అంటూ నాలుగు మూలల నుంచీ ఆయనే. నాతో భలే అనడం మానేసి ఎంత కాలమైందో.

స్టాఫ్ రూములో తలుపేసుకుని ఏడ్చాను. తోటి టీచర్లకి జలుబని చెప్పాను. నమ్మారు, లేదా నమ్మినట్టు నటించారు.

జూలై 6, ఆదివారం

అక్క ఫోన్. ఆ దిక్కుమాలినవాడి చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. చెప్పులు పారేయడానికి ముహూర్తం చూసుకుంటున్నావా అంది. ఆ గొంతు కూడా పీకి పారేయమంది. నిజమే, పారేయొచ్చు. నా గొంతుతో మళ్లీ రికార్డు చేస్తే సరిపోతుంది.

ఆ రికార్డింగు గుర్తొచ్చింది. కంప్యూటర్ గొంతేమో అప్పులవాడు తలుపు కొట్టినట్టుంది. నేను చదువుతానని ఈయన ముందుకొచ్చాడు. చప్పుడు రాకూడదని ఫ్యాన్లు ఆపి, బట్టల బీరువాలో తలదూర్చి, బనీనుతో చెమటలు కక్కుతూ చదివాడు. పిల్లలు చదవకుండా ఊరుకుంటే కండక్టర్ అనాల్సిన మాట నేను “దయచేసి మరల ప్రయత్నించండి” అని రాశాను. పిల్లలతో ఎవరైనా అలా మాట్లాడతారా అని కసిరి, సొంతంగా అన్నాడు:

“తొందరేం లేదు బంగారం. నువ్వు చదివేదాకా బస్సు కదలదు. నేనెక్కడికీ పోను.”

ఎంత బాగా అన్నాడో దొంగ సచ్చినోడు.

జూలై 8

క్లాసులో ఒక పిల్ల ఉంది. జడకి ఒక రిబ్బను ఎప్పుడూ ఊడిపోయే ఉంటుంది కాబట్టి రిబ్బను పిల్ల అంటాను. బస్సెక్కుతుంది, చదవదు. కండక్టర్ తొందరేం లేదంటాడు. అయినా చదవదు. మళ్లీ అంటాడు. పీరియడ్ అయిపోయేదాకా ఆ బస్సు మొదటి స్టాపులోనే ఉంటుంది.

రాదనుకుందామంటే, బోర్డు చూసి బొమ్మ గీయమంటే ఠక్కున గీస్తుంది. “గాలిమర కింద మూడు బాతులు” అని ఉంటే మూడు బాతులే. ఒకదానికి రిబ్బను కూడా కట్టింది.

జూలై 9

వాళ్లమ్మని పిలిపించాను. కుట్టుపని చేస్తుంది. నిలబడే మాట్లాడింది. పొద్దున పిల్లకి నిద్రలోనే బట్టలు తొడుగుతానని, అన్నం తినమని, స్నానానికి రమ్మని, పడుకోమని అన్నీ అరిచే చెబుతానని, తనకి మాత్రం సరదానా అని అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకుంది.

జూలై 11

హెడ్ మేడమ్ తేల్చేశారు. బొమ్మలు గీస్తే చదివినట్టు కాదట, నోరు విప్పితేనే చదువట. నెలాఖరులోగా ఆ పిల్ల మూడు స్టాపులైనా పైకి చదవాలి. లేకపోతే మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. బొమ్మ కూడా చదువేనని వాదించాను. బొమ్మల కాగితాలు బల్ల మీద పరిచి చూపించాను. కాగితాలు నీట్‌గా సర్ది నాకే తిరిగిచ్చారు.

ఒకటో తరగతి పిల్లల మధ్య తలొంచుకుని కూర్చున్న రిబ్బను పిల్లని ఊహించుకుంటూ వాటిని సంచిలో పెట్టుకున్నాను.

జూలై 14

ఇవాళ పక్కన కూర్చుని అడిగాను. కోప్పడనని ఒట్టేశాను. నా చెవిలో చెప్పింది.

“చదివితే మామయ్య ఆ మాట అనడు టీచర్. బస్సు వెళ్లిపోతుంది.”

ఏ మాట అని అడగలేదు. నాకు తెలుసు. తొందర లేదనే మనిషి ఆ పిల్లకి ప్రపంచం మొత్తంలో ఒక్కడే దొరికాడు. వాడూ ఎవడు దొరికాడో చూడండి.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంకా దగ్గరికి జరిగి అంది.

“పోను అన్నాక ఎవరో నవ్వుతారు. నాకది ఇష్టం. ఎవరు టీచర్ అది?”

ఎవరూ నవ్వరన్నాను. తన హెడ్‌ఫోన్ తీసి నా చెవులకి పెట్టింది. క్లాసులో మంచి హెడ్‌ఫోన్ అదొక్కటే.

ఫ్యాన్ లేని నిశ్శబ్దం. ఆయన మాట. దూరంగా కుక్కర్ విజిల్. ఆ వెనకే ఒక ఆడమనిషి నవ్వు, సగంలో తెగిపోయింది. ఎవరబ్బా ఇంత హాయిగా నవ్వుతోంది అనుకున్నాను.

నేనే.

జూలై 14, సాయంత్రం

బీరువాలో తలదూర్చి, బట్టల్లో చిక్కుకుపోయి, నేనెక్కడికీ పోను అంటుంటే నవ్వాగలేదు. నిజంగానే ఎక్కడికీ పోలేని అవతారంలో ఉన్నాడు. అందుకు నవ్వాను.

అలా నవ్వేదాన్నా నేను?

జూలై 15

ఆ గొంతు తీసేస్తానని ఎగిరిన నేనే ఇవాళ తీయలేకపోతున్నాను. అది ఉన్నంతకాలం ఆ పిల్ల చదవదు. అక్కడుంది చిక్కంతా.

జూలై 17

పిల్లకి నచ్చజెప్పి చూశాను. నాతో చదువు, నేనూ తొందరపెట్టను అన్నాను. తలూపింది. బస్సెక్కింది. చదవలేదు. పోను అన్న మాట వింటూ, చెవుల మీద చేతులు ఆనించి కళ్లు మూసుకుంది.

ఉంటాననే మాట పట్టుకుని కదలకుండా కూర్చోవడం నాకు తెలియందా? రెండేళ్లు ఇంట్లో అదే పని చేశాను. ఆయన ఆలస్యంగా వచ్చినా, ఫోన్ బోర్లా పెట్టినా, ఎక్కడికీ పోడులే అనుకున్నాను. నా బస్సు కూడా కదల్లేదు.

జూలై 18

టాబ్లెట్లు చూసే టెక్నీషియన్ వచ్చాడు. ఆ గొంతు తీసేసి, చివర్లో ఉన్న నవ్వు ఉంచడం కుదురుతుందా అని అడిగాను. పదే పదే విని, కుదరదు మేడమ్ అన్నాడు. పోను అనే మాట మీదే నవ్వు మొదలైందట. రెండూ కలిసిపోయాయట. ఆ గొంతు పోతే ఈ నవ్వూ పోతుందట.

కావాలంటే ఫోన్‌లో ఒక కాపీ వేసిస్తానన్నాడు, పాపం. ఆ నవ్వు ఎవరిదో తెలియదు తనకి.

ఫోన్ అతని చేతికిచ్చాను. మళ్లీ లాక్కున్నాను. అది నా దగ్గరుంటే నేనూ ఆ పిల్లలాగే కళ్లు మూసుకుని కూర్చుంటాను. వద్దన్నాను.

తీసెయ్యమన్నాను.

జూలై 20, ఆదివారం

బీరువాలో తలదూర్చి నా గొంతుతో అన్నీ రికార్డు చేశాను. తొందరేం లేదు బంగారం దగ్గర ఆగిపోయాను. మంచినీళ్లు తాగి మళ్లీ చెప్పాను. నేనెక్కడికీ పోను అని కూడా చెప్పాను. ఇల్లంతా చప్పుడు లేదు. ఫ్యాన్ ఒక్కటే ఆపాల్సి వచ్చింది.

చెప్పులు పారేశాను.

జూలై 21

రిబ్బను పిల్ల బస్సెక్కింది. కొత్త గొంతు ఒక్కసారి వింది. వెంటనే బోర్డు చదివేసింది, తప్పు లేకుండా, పైకి. తర్వాతి స్టాపు చదివింది. ఆ తర్వాతిదీ చదివింది. హెడ్ మేడమ్ గుమ్మంలోంచి చూసి చప్పట్లు కొట్టారు.

పిల్ల హెడ్‌ఫోన్ తీసి నా ఒళ్లో పెట్టింది.

“ఇందులో ఎవరూ నవ్వట్లేదు టీచర్.”