డారెల్ బీన్సు డబ్బాలు

పిచ్చుకా,

ఇల్లుగా మార్చుకున్న ఈ బండిలో కాపురం చాలు, దాన్ని అమ్మేసి నీ దగ్గరికి రమ్మన్నావు. ఇప్పుడే రాను తల్లీ. నాతో ఈ బండిలోనే ఉన్న నా తమ్ముడు డారెల్ పోయాక వాడి బీన్సు డబ్బాలన్నీ వాడి మంచం కిందే ఉంచేశాను. నిన్న పక్క బండిలో ఉండే వెర్నా వచ్చి, "ఏమే, నీ బండి ఒక పక్కకి ఒరిగిపోయిందే! బీన్సు పడని దానివి, ఇన్ని డబ్బాలు ఎవరికే?" అంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నీ తీసి ఆమెకిచ్చేశాను. నేను తినే ఓట్సు, పీచ్ పండ్ల సీసాలు కొని, బరువు రెండు పక్కల చక్రాల మీద సమంగా పడేలా మధ్య అరలో సర్దాను. కుదుపులకి పగలకుండా సీసాలకి వాడి సాక్సులు తొడిగాను. బండి నిటారుగా నిలబడింది. వాడు చూపిస్తానన్న ఆరెగాన్ సముద్రతీరానికి రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాను. అది చూసి నీ దగ్గరికి వస్తాను. నువ్వు బెంగతో పస్తులుండకు, వేళకి కడుపునిండా తిను.

అమ్మ