గుడ్లగూబ ఉన్న గోదాం తాళం

నాన్నా,

గోదాం తాళంచెవి నా దగ్గరనే ఉంది, ఇల్లంత దేవులాడకు. చాయ్ ఫ్లాస్కుల పోసిపెట్టిన.

దూలం మీది గుడ్లగూబను, దాని పిల్లలను ఎల్లగొట్టనీకి నువ్వు పిలిచిన మనిషిని వాపస్ పంపు. మా టీచర్ పంపిన వీడియో నీ ఫోన్ల తెరిచిపెట్టిన, జెర సూడు. గుడ్లగూబలు గిట్లాంటి గోదాంలల్ల గూడ ఉంటయంట. మన వడ్ల బస్తాలు కొరికే ఎలుకలే వాటి తిండి. ఫోన్ల చదువేందని నిన్న గుమాస్తా ముంగట తిట్టినవ్ గదా, గిదే ఆ చదువు.

పిల్లలు ఎగిరిపోయేదాంక తాళంచెవి ఇయ్య. వడ్లు కావాలంటే సాయంత్రం సంగారెడ్డి బస్సు దిగినంక నేనే వచ్చి తీస్త.

శ్రీవాణి

అరిష్టమని నాయనమ్మ మల్ల లొల్లి చేస్తది. నేను పుట్టినప్పుడు గూడ గదే మాట అన్నదంట. అప్పుడు ఆమె మాట ఇన్నవా నువ్వు?