స్థలంలో మెట్టు

ఆదివారం రాత్రి

కొండ కింద మా స్థలంలో ఇల్లు కట్టొచ్చు. ఈ మాట రాసుకుంటే గాని నిద్ర పట్టేలా లేదు.

స్థలానికి అడ్డంగా నేల మోకాలెత్తు మెట్టులా దిగి, తాడు పట్టినట్టు తిన్నగా సాగుతుంది. భూకంపానికి నేల చీలి జరిగిన చోట అలాగే ఉంటుందని ఎక్కడో చదివి, మా ఆయన నెల రోజులుగా ఇంటి ప్లాను ముట్టలేదు. మా మేడ మీద అద్దెకుండే భూగర్భశాస్త్రం మేడమ్‌ను బతిమాలి ఈ రోజు తీసుకెళ్లాను. నేల చీలి జరిగి ఉంటే స్థలంలో పారే చిన్న వంక, ఆ వాగు, మెట్టును దాటే చోట పక్కకు జరిగి ఉండేదట; అలా జరగలేదని మేడమ్ ముందే గమనించారు. అయినా మెట్టుకు అడ్డంగా నడుము లోతు కాలువ తవ్వించారు. పైన చేత్తో పేర్చిన రాళ్లు. వాటి కింద ఎర్రమట్టి, గులకరాళ్ల పొరలు ఎక్కడా తెగలేదు.

పక్క చేని మునెమ్మ వచ్చి తొంగిచూసింది. "ఇది మా నాయన వేసిన గట్టు కదమ్మా. వానకి మన్ను కొట్టుకుపోకుండా రాళ్లు పేర్చినాడు. నన్నడిగింటే ఇంత తవ్వే పనే లేదు."

మేడమ్ నవ్వారు. "భూకంపం రానే రాదని చెప్పలేనండీ. ఇది మాత్రం దాని గుర్తు కాదు. గోడలు విడిపోకుండా చుట్టూ వేసే కాంక్రీటు పట్టీలు మానకండి."

మేస్త్రి వాటిని ఎగ్గొడతాడేమో, దగ్గరుండి చూసుకోవాలి...

భోజనాలయ్యాక ఆయన ప్లాను పరిచి, వంటింటి కిటికీ ఎటువైపు కావాలని అడిగారు. తూర్పుకి అన్నాను.