చావు పన్నుకు పోయిన చుక్క ఆవు

ఎల్డర్‌కోట్ దొరవారి దివాను రేనాల్డ్ గారి సముఖమునకు, అదే ఊరి కౌలుదారు గిల్బర్ట్ గారి వితంతువు హవీస్ వ్రాయించుకున్న అర్జీ.

విషయం: చావు పన్ను కింద తోలుకుపోయిన మా చుక్క ఆవును తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. కోతల పండుగ వారంలో మహమ్మారి సోకి మా మామగారు కాలం చేసిరి. కౌలుదారు పోతే ఇంట్లో మేలైన పశువు దొరవారికి, దాని తరువాతది చర్చికి చెల్లుట ఆచారం గనుక ఎద్దు తమకు, పెయ్య ఫాదరు గారికి పోయినవి. మేమే విప్పి అప్పగించితిమి.

2. పొలం నా భర్త పేర మారిన నాలుగో రోజున ఆయనా పోయెను. నాలుగు రోజుల కౌలుదారుకైనా ఆచారం ఆచారమేనని తమ మనిషి హామో వచ్చి చుక్కను విప్పెను. శవం ఇంకా ఇంట్లోనే ఉన్నది. "పూడ్చేదాకా అయినా ఆగు హామో" అంటిని. "ఈ పూట ఇంకా ఆరిళ్లు తిరగాలమ్మా, నాకు మాత్రం సరదానా" అనెను.

3. రెండో పశువు లేదు గనుక, పాత ఫాదరు గారూ మహమ్మారితో పోగా వచ్చిన కొత్త ఫాదరు గారు నా భర్త మీది దుప్పటి లాగించుకుపోయిరి. దాన్ని ఉతికించి ఇప్పుడు తానే కప్పుకుంటున్నారట.

4. చచ్చిపోయిన నా ఆడపడుచు బిడ్డ ఆవిస్, పది నెలల పిల్ల, నా దగ్గర ఉన్నది. పాలిచ్చే తల్లులు ఊళ్లో మిగలలేదు. బార్లీ గంజి పోస్తే కక్కేస్తోంది.

5. తమ పచ్చికలో చచ్చినవాళ్ల ఆవులు నలభై దాకా ఉన్నవి. పితికే దిక్కు లేక పొదుగులు గట్టిపడి రోజంతా అరుస్తున్నవి. పాలు కారి మట్టిలో ఇంకుతున్నాయి, ఇక్కడ పిల్ల ఎండిపోతోంది. దీన్ని ఆచారం అంటారా దివానుగారూ? నాకైతే అసహ్యంగా ఉంది.

కావున పిల్ల ప్రాణం దక్కునట్లు చుక్కను ఇప్పించ ప్రార్థన. తీరిక చేసుకుని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
హవీస్ (సిలువ గుర్తు నా నిశాని)

తా.క.: సిరా ఆరకముందే హామో మళ్లీ వచ్చాడు. "పితకడం తెలిసినదానివి ఊళ్లో నువ్వొక్కదానివే మిగిలావంట. దివానుగారు రమ్మన్నారు. కూలి మాత్రం మహమ్మారికి ముందున్నదే. అంతకు మించి ఇవ్వకూడదని రాజుగారి చట్టం" అన్నాడు.

"వస్తా. ముందు చుక్కని తోలుకురా."

"దానికి అర్జీ పెట్టుకోవాలి కదమ్మా."

అందుకే ఇది అతని చేతికే ఇస్తున్నాను. సాయంత్రానికి చుక్క నా గుమ్మంలో లేకపోతే పిల్లను చంకనేసుకుని ఏరు దాటుతాను. అవతలి దొరగారి ఆవులూ అరుస్తున్నాయి. అక్కడ అడిగినంత కూలి ఇస్తారట, చట్టం మాటే ఎత్తరట.