నమూనా ఫ్లాటులో భర్త స్థానం గురించి

పురపాలక కమిషనరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కొత్త టవరులోని నమూనా ఫ్లాటులో నన్ను తిరిగి భర్తగా నియమించవలసినదిగా ప్రార్థన.

నేను సదరు టవరుకు రంగులు వేసిన పెయింటరును. కింద దుకాణాలు, నడుమ ఆఫీసులు, పైన ఇళ్ళు ఉండే ఆ కట్టడానికి అనుమతి ఇచ్చినది తమరే, రిబ్బను కత్తిరించినదీ తమరే. కనుక తమరికే మొర పెట్టుకుంటున్నాను.

1. ఖాళీ ఫ్లాటు చూస్తే కొనేవాళ్ళు మనసు పడడం లేదని, అందులో ఒక కుటుంబం కాపురం చేస్తూ కనబడాలని కంపెనీవారు తలచి, నన్నూ నా భార్యనూ ఆరేళ్ళ పాపనూ అందులో ఉంచడమైనది. జనం వచ్చినప్పుడు నేను సోఫాలో పేపరు చదవాలి, నా భార్య నవ్వుతూ పూలకుండీకి నీళ్ళు పోయాలి. పెళ్ళయిన నాటినుంచి మేము అంత సుఖపడి ఎరగము.

2. పిమ్మట అమ్మకాలు మందగించగా సేల్స్ మేనేజరు నన్ను పిలిచి, "ఏమనుకోకు. నీ మొహం చూస్తే జనానికి బ్యాంకు వాయిదాలు గుర్తొస్తున్నాయి" అని చెప్పి నన్ను మాత్రమే తొలగించడమైనది. నా స్థానంలో కింది బట్టల షాపులో సూట్లు, కోట్లు అమ్మే మనిషిని పెట్టినారు. పళ్ళు బాగుంటాయి. అంతకుమించి ఆ దరిద్రుడిలో నాకేమీ కనబడలేదు. మొదట్లో జనం వెళ్ళగానే అతడూ దిగిపోయేవాడు. ఇప్పుడు దిగడం లేదు. ఈ సంగతి కంపెనీ ఉత్తర్వుల్లో లేదు.

3. నాకు సెల్లారులో రంగు డబ్బాల గది ఇచ్చినారు. "కుటుంబమంతా ఒకే కప్పు కింద" అని ప్రకటనలో రాసిన మాట తప్పలేదు కదా అని మేనేజరు వాదన. కప్పు ఒక్కటే, కాదనను.

4. భార్యాబిడ్డలను చూడదలచి గత ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇల్లు కొనేవాడిలా వరుసలో నిలబడితిని. నా భార్య నన్ను చూసి కూడా నవ్వు చెదరనీయలేదు. బాగా నేర్చుకుంది. వంటింట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం, "వెళ్ళిపోండి. మీవల్ల మేమూ రోడ్డున పడతాం" అన్నది. ఆమెను తప్పుపట్టలేను, ఈ ఫ్లాటుకు ముందు నేను కాపురం పెట్టిన రేకుల గది ఎలాంటిదో నాకు తెలుసు. పాప నా వేలు పట్టుకుని ఇల్లంతా చూపించింది. "ఇది నా గది అంకుల్. మీకు పిల్లలున్నారా?" అని అడిగింది. మేనేజరు దూరం నుంచి మెచ్చుకోలుగా తల ఊపినాడు. అయ్యా, అది వాళ్ళు నేర్పిన మాటో, నిజంగానే అడిగిందో తెలియక చచ్చిపోతున్నాను. ఒక పాప ఉందమ్మా అని చెప్పి వచ్చేశాను.

5. కావున ఆ కోట్లవాణ్ణి తొలగించి నన్ను నియమింపజేయవలెను. నవ్వడం అద్దం ముందు సాధన చేస్తున్నాను. భర్తగా వీలుకాని పక్షంలో తాతగానైనా సమ్మతమే. జుట్టుకు తెల్లరంగు నేనే వేసుకోగలను.

నా ఈ మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పదవి పోయిన భర్త,
సెల్లారు.

తా.క.: ఇది కవరులో పెడుతుండగా కబురు వచ్చింది. కోట్లవాడికి జ్వరమట, ఈ ఆదివారం ఒక్కరోజుకు భర్తగా నన్ను రమ్మన్నారు. కాబట్టి అప్పటిదాకా ఈ అర్జీ ఎవరికీ చూపించకండి, తెలిస్తే అదీ పోతుంది. శనివారమే ఒకసారి పైకి రావాలన్నారు. ఆ ఒక్కరోజుకు నన్ను "నాన్నా" అని పిలవడం పాపకు నేర్పిస్తారట.