ఇరవై నాలుగు గుండెలు

మార్చి 4
ఇరవై నాలుగు ఎలుక గుండెలు కోశాను. అన్నీ షుగర్ తెప్పించిన ఎలుకలవే. వాటిలో సగానికి ఒక ఆకు నుంచి తీసిన పొడి పెట్టారు. మైక్రోస్కోప్ కింద ఆ గుండెలు శుభ్రంగా ఉన్నాయి. మిగతావి చీకిపోయిన గుడ్డల్లా ఉన్నాయి. ప్రొఫెసర్ చూసి, ఇన్నేళ్ల తన కష్టం ఫలించిందన్నాడు. ఆయన ఈ ఏడాది ల్యాబ్‌లో అడుగుపెట్టడం ఇది రెండోసారి.

మార్చి 9
వార్తాపత్రికలో మా ఫొటో. షుగర్ రోగుల గుండెకి ఆకు రక్ష అట. ప్రొఫెసర్ మైక్రోస్కోప్‌లోకి తీక్షణంగా చూస్తున్నాడు. దాని లైటే వేయలేదు. వెనక నేను. అక్క ఫోన్ చేసి మురిసిపోయింది. పదేళ్లుగా షుగర్ మనిషి. ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. కంచెల మీద బోలెడు, కోసుకో పో అన్నాను.

మార్చి 17, ఉదయం 11
పొడిని నీళ్లలో కలిపి గొట్టంతో ఎలుక గొంతులో పోయాలి. ఆ పని చేసే మా రీసెర్చ్ స్కాలర్‌గారికి ఎలుక కరుస్తుందని భయం. మొదటి బ్యాచ్ నుంచీ దాణాలోనే కలిపేశాడట. కాఫీ తాగుతూ తనే చెప్పాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. కాస్త నాలుక మీద వేసుకున్నాను. పరమ చేదు. కొత్త బ్యాచ్ బోనులు చూశాను. పొడి కలిపిన దాణా సగం అలాగే ఉంది. కలపని బోనుల్లో నలుసు మిగల్లేదు. తిండి తగ్గితే షుగరూ తగ్గుతుంది. ఆ గుండెల్ని కాపాడింది ఆకో, పస్తో దేవుడికే తెలియాలి.

సాయంత్రం 4
ప్రొఫెసర్‌కి చెప్పాను. ముందు మన పేపర్ జర్నల్‌లో అచ్చవనీ, తర్వాత చూద్దామన్నాడు. నీ పేరూ ఉందిగా అన్నాడు. సిగ్గులేని మనిషి. నేనూ తలూపి వచ్చేశాను. ఎలుకలకి పోయేదేముంది.

మార్చి 18
స్కాలర్ స్వీట్లు పంచాడు. తిన్నాను.

ఏప్రిల్ 6
అక్కకి ఛాతీలో నొప్పి అని బావ ఫోన్ చేశాడు. ఆసుపత్రికి పరుగెత్తాను. షుగర్ ఐదొందలు దాటింది. ఫొటో చూసిన మర్నాటి నుంచి మాత్రలు మానేసి, మూడు పూటలా ఆ ఆకు మరిగించి తాగుతోందట. ఎంత మొద్దు మనిషని తిట్టుకున్నాను. కనిపెట్టుకుని ఉండని బావని తిట్టుకున్నాను. ప్రొఫెసర్‌ని, స్కాలర్‌ని తిట్టుకున్నాను. ఇంకెవరూ మిగల్లేదు.

ఏప్రిల్ 7
మాత్రలు ఎవరు మానమన్నారని డాక్టర్ అడిగాడు. అక్క నన్ను చూపించి, మా చెల్లెలు కనిపెట్టిన మందేనండీ అంది. వార్డంతా వినపడేలా అంది. అది పనిచేస్తుందా అని ఆయన నన్నడిగాడు. తెలియదండీ, ఆ ఎలుకలు సరిగా తిండే తినలేదు అన్నాను.
నీకెప్పుడు తెలిసిందే అంది అక్క.
మార్చి పదిహేడు అన్నాను.